రంగూన్ నవ్వులు, మన సెక్షన్లు

మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళకి రంగూన్ ఎప్పుడూ పరాయి ఊరు కాదు. వాళ్ళు దాన్ని ‘రంగం’ అనేవారు. ఈవాళ పిల్లాడు అమెరికా వెళ్ళాడని చెప్పుకున్నట్టే, వందేళ్ళ క్రితం శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా చాలా ఊళ్ళలో ‘మావాడు రంగం వెళ్ళాడు’ అని చెప్పుకునేవారు. అక్కడి రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది ఎక్కువగా మనవాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా జనం భారతీయులు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేసిన తెలుగు రేవు కూలీలకీ, వాళ్ళ స్థానంలో పనిలోకి తెచ్చిన బర్మా కూలీలకీ మధ్య అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాన్ బాంబులకి కొందరు, 1962 సైనిక కుట్ర తర్వాత దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసినప్పుడు మరికొందరు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట ఈనాటికీ ఉంది.

ఈసారి సంపాదకీయం ఆ రంగం గురించే. అయితే ఓడల గురించీ కూలీల గురించీ కాదు. ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళోనే జనాన్ని నవ్వించి, ఆ నవ్వుకి జైళ్ళలో బాకీ తీర్చిన ఇద్దరి గురించి. ఒకరు హాస్యగాడు, ఇంకొకరు ర్యాప్ గాయకుడు. వాళ్ళ కథ ఇప్పుడెందుకు అని మిత్రులు అడగవచ్చు. చివరిదాకా చదివితే అది మన కథ కూడా ఎందుకైందో తెలుస్తుందని నమ్మకం.

ముందు హాస్యగాడు. అసలు పేరు మౌంగ్ థురా. జనం పిలిచే పేరు జర్గనార్, అంటే పట్టకారు. 1961లో రంగూన్‌లో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ రచయితలే. చదివింది పళ్ళ డాక్టరీ. చదువుకునే రోజుల నుంచే స్టేజీ ఎక్కాడు. బర్మాలో ‘అన్యెయిన్’ అని ఒక పాత ప్రదర్శన కళ ఉంది. నాట్యం, పాట, మధ్యమధ్యలో విదూషకుల సంభాషణ. మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా కథ మధ్యలో దూరి ఊరి మునసబు మీద ఒక మాట విసిరి పోయినట్టు, అక్కడి విదూషకులకి కూడా పెద్దవాళ్ళని ఒక చురక అంటించే హక్కు ఆచారంగా వచ్చింది. రాజుల కాలంలో నడిచిన ఆ ఆచారం సైన్యం పాలనలో నడవలేదు.

బర్మా జనంలో ఎప్పటినుంచో తిరిగే జోకు ఒకటుంది. ఒకాయన పన్ను నొప్పితో సరిహద్దు దాటి థాయిలాండ్‌లో డాక్టరు దగ్గరికి పోతాడు. మీ దేశంలో పళ్ళ డాక్టర్లు లేరా అని అడుగుతాడు డాక్టరు. ఎందుకు లేరు, నోరు తెరవనివ్వడమే లేదు అంటాడు ఈయన. జర్గనార్ జీవితం ఈ జోకుకి రాసిన వ్యాఖ్యానంలా ఉంటుంది.

1988 విద్యార్థి ఉద్యమంలో ఆయన్ని మొదటిసారి పట్టుకున్నారు. కొన్ని నెలల తర్వాత వదిలారు. 1990లో ఎన్నికల వేళ, యాన్‌కిన్ టీచర్ల శిక్షణ కళాశాల స్టేడియంలో వేలమంది ముందు, అప్పటి సైనిక పాలకుడు జనరల్ సా మౌంగ్‌ని అనుకరించి చూపించాడు. ఒక మనిషి నడకనీ మాటనీ అనుకరించినందుకు ఐదేళ్ళ శిక్ష. ఇన్సేన్ జైల్లో ఒంటరి కొట్టు. కాగితం, కలం నిషేధం. ఇటుక పెంకుతో నేల మీద కవితలు గీసి, కంఠస్థం చేసి, చెరిపేసేవాడు. హాస్యగాడిగా జైలుకి వెళ్ళినవాడు కవిగా కూడా మారి 1994లో బయటికొచ్చాడు.

ఆ తర్వాత స్టేజీ మూసేశారు. వీడియో సినిమాలు తీశాడు. సెన్సారు మీద మాట్లాడినందుకు 1996లో నిషేధం. 2006లో విదేశీ రేడియోతో మాట్లాడినందుకు శాశ్వత నిషేధం. 2007 సెప్టెంబర్‌లో బౌద్ధ భిక్షువులు వీధుల్లోకి వచ్చినప్పుడు వాళ్ళకి అన్నం నీళ్ళు ఇచ్చి అండగా నిలిచినందుకు మళ్ళీ అరెస్టు. 2008 మే 2న నర్గీస్ తుపాను ఇరావతీ డెల్టాని ముంచేసింది. చనిపోయినవాళ్ళూ ఆచూకీ లేనివాళ్ళూ కలిపి లక్షా ముప్పై ఎనిమిది వేలమంది. దివిసీమ ఉప్పెన జ్ఞాపకం ఉన్న మనకి ఆ అంకె వెనక ఏముంటుందో వేరే చెప్పనక్కరలేదు. ప్రభుత్వం విదేశీ సాయాన్ని గుమ్మంలోనే ఆపిన ఆ రోజుల్లో, జర్గనార్ నాలుగు వందల మంది దాకా స్వచ్ఛంద కార్యకర్తల్ని కూడగట్టి పడవల్లో బియ్యం, దుప్పట్లు పంపాడు. చూసినదాన్ని చూసినట్టు విదేశీ విలేకరులకి చెప్పాడు. జూన్ 4 రాత్రి పోలీసులు ఇంటికొచ్చారు. పట్టుకుపోయిన వస్తువుల్లో తుపాను దృశ్యాలున్న డిస్కులున్నాయి, సైనికాధినేత థాన్ ష్వే కూతురి పెళ్ళి వీడియో ఉంది. శిక్ష మొత్తం 59 ఏళ్ళు. తర్వాత దాన్ని 35 ఏళ్ళకి ‘తగ్గించారు’. ఇంటివాళ్ళు రోజుల తరబడి ప్రయాణం చేస్తే గానీ చేరలేని కచిన్ రాష్ట్రంలోని మిచ్చినా జైలుకి పంపారు. 2011 అక్టోబర్‌లో క్షమాభిక్షలో బయటపడ్డాడు.

ఇక ర్యాప్ గాయకుడు. పేరు ఫ్యో జేయా థో. 1981లో పుట్టాడు, అంటే మన పాఠకుల్లో చాలామందికి దాదాపు ఈడువాడు. మనం ఇక్కడ మాస్టర్స్ చేస్తూ, అసైన్‌మెంట్లతో కుస్తీ పడుతున్న కాలంలో అతను స్నేహితులతో కలిసి ‘యాసిడ్’ అనే బృందం పెట్టాడు. 2000లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్‌ని బర్మా భాషలో తొలి హిప్ హాప్ ఆల్బమ్‌గా చెబుతారు. రెండు నెలలకి పైగా అమ్మకాల్లో అగ్రస్థానంలో నిలిచింది. ఆ రోజుల్లో ప్రతి పాటా సెన్సారు బల్ల దాటాలి. కాబట్టి మాట సూటిగా ఉండదు. వీధి యాసలో, ద్వంద్వార్థంలో, కుర్రకారు విసుగుని చెప్పడం వీళ్ళ పద్ధతి. సెన్సారు అధికారికి అర్థం కానిది వినేవాడికి అర్థమయ్యేది.

2007 భిక్షువుల ఉద్యమాన్ని అణచివేశాక, ఆ అక్టోబర్‌లో అతను మరి కొందరు మిత్రులతో ‘జనరేషన్ వేవ్’ అనే యువజన సంఘం మొదలుపెట్టాడు. గోడల మీద రాతలు, కరపత్రాలు, పాటలు. 2008 మార్చిలో యాంగోన్‌లో ఒక రెస్టారెంటులో పట్టుకున్నారు. నిషిద్ధ సంస్థ పెట్టినందుకు ఐదేళ్ళు. జేబులో కొద్దిపాటి విదేశీ నోట్లు దొరికినందుకు ఇంకో ఏడాది. నాలుగు దేశాల చిల్లర డ్రాయరులో పడేసి ఉంచుకునే మనలాంటివాళ్ళు ఆ రెండో శిక్ష గురించి ఒక్క క్షణం ఆలోచించాలి.

2011 మేలో విడుదలయ్యాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న జరిగిన ఉప ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూకీ పార్టీ ఎన్.ఎల్.డి. 45 స్థానాల్లో 43 గెలిచింది. అందులో జేయా థో ఒకడు. గెలిచింది ఎక్కడ? రాజధాని నేపిడా పరిధిలోని పొబ్బతిరిలో, ప్రభుత్వ ఉద్యోగులూ వాళ్ళ కుటుంబాలూ ఎక్కువగా ఉండే చోట. పాలకుల సొంత ఇలాకాలో ఒక జైలు పక్షి, అందులోనూ ర్యాప్ పాడేవాడు గెలిచాడు. 2015లో మళ్ళీ గెలిచాడు. ఆ ఎన్నికల్లో వాళ్ళ పార్టీకి పార్లమెంటు రెండు సభల్లో కలిపి 390 స్థానాలు వచ్చాయి. సైన్యానికి రాజ్యాంగం రాసిచ్చిన పాతిక శాతం పోను కూడా తిరుగులేని మెజారిటీ.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. పడలేదు. మన కథ అసలు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

బర్మా కొత్త సంవత్సరం తింగ్యాన్ ఏప్రిల్‌లో, మన ఉగాదికి అటూఇటూగా వస్తుంది. నీళ్ళు చల్లుకునే ఆ పండగలో ‘తంగ్యాట్’ అని ఒక వేడుక. డోలు దరువు మీద ఒకడు చరణం అందుకుంటాడు, గుంపు వంత పాడుతుంది. ఆ ఏడాది ధరలు, లంచాలు, అధికారులు, నాయకులు అందరికీ అక్షింతలు పడతాయి. ర్యాప్ అనే మాట పుట్టకముందే వీళ్ళ వీధుల్లో ఉన్న ర్యాప్ అది. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర ఖాకీ కోటు, టోపీ వేసుకుని, చెక్క తుపాకీ భుజాన పెట్టుకుని, ఊపిరి తీసుకోకుండా కోతలు కోస్తూ దొరలనీ అమీనులనీ ఉతికి ఆరేస్తాడు చూడండి, ఆ కుటుంబానికి చెందిన కళే. 1988 ఉద్యమం తర్వాత తంగ్యాట్‌ని సైన్యం వీధుల్లో లేకుండా చేసింది. సెన్సారు సడలిన తర్వాత 2013లో మళ్ళీ వీధికొచ్చింది.

2019 ఏప్రిల్‌లో యాంగోన్‌లో ‘నెమలి తరం’ అనే కుర్రాళ్ళ బృందం సైనిక దుస్తులు వేసుకుని తంగ్యాట్ ఆడింది. పార్లమెంటులో సైన్యం తిష్ట మీద వ్యంగ్యం. దాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించారు. సైన్యాధికారి ఒకరు ఫిర్యాదు చేశారు. అరెస్టులు జరిగాయి. అక్టోబర్ 30న ఐదుగురికి ఏడాది జైలు పడింది. వేరే కోర్టుల్లో వేరే కేసులు, వాటికి మళ్ళీ శిక్షలు. అంతకు ముందే, తంగ్యాట్ పాటలు ముందుగా కమిటీకి చూపించి అనుమతి తీసుకోవాలని యాంగోన్ ప్రాంతీయ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ప్రాంతీయ ప్రభుత్వం సైన్యానిది కాదు. ఎన్.ఎల్.డి. ది. అంటే జోకులేసి జైళ్ళకెళ్ళినవాళ్ళ, వాళ్ళ కోసం కొవ్వొత్తులు వెలిగించినవాళ్ళ ప్రభుత్వమే.

న్యాయంగా చెప్పాలంటే, ఫిర్యాదు సైన్యానిది. పోలీసుల మీద అధికారం ఉన్న హోం మంత్రిని నియమించేది కూడా రాజ్యాంగం ప్రకారం సైన్యాధిపతే. ఇది మరచిపోకూడదు. కానీ చట్టాలు మార్చే అధికారం పార్లమెంటుది, అక్కడ మెజారిటీ ఎన్.ఎల్.డి. ది. వాళ్ళు ఏమీ చేయలేదని కూడా అనలేం. 2016లో 1950 నాటి ఎమర్జెన్సీ చట్టాన్ని, 1975 నాటి రాజ్య రక్షణ చట్టాన్ని రద్దు చేశారు. తమని వేధించిన చట్టాలవి. కానీ ఆన్‌లైన్‌లో పరువు తీశారంటూ కేసులు పెట్టే టెలికాం చట్టం 66(డి) సెక్షన్‌ని 2017లో కాస్త పదును తగ్గించి అలాగే ఉంచారు. పీనల్ కోడ్‌లో 505ని ముట్టుకోలేదు. ఎందుకు? ఎవరి మనసులో ఏముందో మనం చెప్పలేం గానీ, అధికారంలోకి వచ్చిన ఎవరికైనా ఒక కర్ర చేతికి అందేలా ఉంటే దాన్ని విరిచేయబుద్ధి కాదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ కుట్ర చేసింది. రెండు వారాలు తిరక్కుండానే ఆ 505 సెక్షన్‌కి ఇంకా పదును పెట్టి, 505(ఏ) అని కొత్తది కలిపి, నటులు, గాయకులు, విలేకరుల మీద జాబితాలు విడుదల చేసింది. కొత్త కర్ర చెక్కాల్సిన పని లేకపోయింది. ఉన్నదానికి నూనె రాస్తే సరిపోయింది. ఆ ఏప్రిల్‌లో జర్గనార్‌ని, అరవయ్యేళ్ళ వయసులో, మళ్ళీ తీసుకుపోయారు. అక్టోబర్‌లో వదిలారు. నవంబర్‌లో జేయా థోని యాంగోన్‌లో పట్టుకున్నారు. ఉగ్రవాద కేసు పెట్టారు, సైనిక ట్రిబ్యునల్‌లో తలుపులు మూసి విచారించారు. 2022 జనవరిలో మరణశిక్ష వేశారు. ఆసియాన్ అధ్యక్ష స్థానంలో ఉన్న కంబోడియా ప్రధాని హున్ సెన్ కూడా వద్దని ఉత్తరం రాశారు. 2022 జులై 25న, జేయా థో, 1988 తరం నాయకుడు కో జిమ్మీ, మరో ఇద్దరిని ఉరితీశామని ప్రభుత్వ పత్రికలో వార్త వేశారు. ఆ దేశంలో మూడు దశాబ్దాల తర్వాత అమలైన తొలి మరణశిక్షలవి. శవాలు కూడా ఇంటివాళ్ళకి ఇవ్వలేదు. అతని వయసు 41.

జేయా థో సాయుధ పోరాటాన్ని సమర్థించాడా, అందులో అతని పాత్ర ఏమిటి అన్నది తలుపులు మూసిన గదిలో తేలే విషయం కాదు. నేను చెప్పదలచింది అది కాదు కూడా. పదేళ్ళ పాటు అధికారానికి దగ్గరగా ఉన్నప్పుడు విరిచేయాల్సిన కర్రని విరవకపోతే అది ఎవరి వీపు మీదకి తిరిగొస్తుందో చెప్పడమే ఈ సంపాదకీయం ఉద్దేశం.

ఇక ఆ సెక్షన్ 505 సంగతి. ఆ అంకె ఎక్కడో విన్నట్టుంది కదూ? 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. వాళ్ళ పీనల్ కోడ్ మన 1860 నాటి ఇండియన్ పీనల్ కోడే. అంకెలు కూడా మారలేదు. సైనికుల్ని విధికి దూరం చేసే ప్రకటన, జనంలో భయం పుట్టించే ప్రకటన అంటూ రంగూన్‌లో హాస్యగాళ్ళ మీద పెట్టే సెక్షనూ, మన ఊళ్ళో ఫేస్‌బుక్ పోస్టు మీద ఎఫ్.ఐ.ఆర్. లో తరచూ కనిపించే సెక్షనూ ఒకే తల్లి పిల్లలు. 2024 జులై 1 నుంచి మన దగ్గర పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 505 ఇప్పుడు 353 అయింది. ఇంటి నంబరు మారింది, కాపురం ఉంటున్నది పాతవాళ్ళే. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన జబ్బు. ఇరవై ఏళ్ళ క్రితం ఎవరో రాసిన కోడ్‌ని తీసేస్తే ఏమవుతుందోనన్న భయంతో, ఫైల్ పేరు మార్చి కొత్త వెర్షన్ అంటాం. ఏదో ఒక రోజు అదే ప్రొడక్షన్‌ని కూలుస్తుంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన కొత్తల్లో టీవీ9 ఒక వ్యంగ్య కార్యక్రమంలో కొత్త ఎమ్మెల్యేల ప్రమాణ స్వీకారాన్ని ఎగతాళి చేసింది. తెలంగాణ మనిషి మాటని, చదువుని చులకన చేసిన జోకు అది. ఆ నొప్పి నిజమైనది, దశాబ్దాల నాటిది. కానీ జరిగిందేమిటి? కేబుల్ ఆపరేటర్లు ఆ ఛానెల్‌ని, దాంతో పాటు ఏబీఎన్‌ని రాష్ట్రంలో నిలిపేశారు. నెలల తరబడి రాలేదు. అప్పుడు ప్రవాసంలో ఉన్న మనలో చాలామందిమి ‘తగిన శాస్తి’ అనుకున్నాం. నేను కూడా గట్టిగా ఏమీ అనలేదు. సిగ్గుగా ఉన్నా ఒప్పుకోవాలి. చెడ్డ జోకుకి మందు మంచి జవాబు, బహిష్కరణ, విమర్శ. తెర నల్లగా మారడం కాదు.

ఎనిమిదేళ్ళ తర్వాత, 2022 ఆగస్టు 20న, హైదరాబాద్ శిల్పకళా వేదికలో మునావర్ ఫారుఖీ ప్రదర్శన జరిగింది. జోకులు చెబుతూ ర్యాప్ పాటలు కూడా పాడే ఈ కుర్రాడిని 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టు చేసి నెలకి పైగా జైల్లో ఉంచారు. ఆ తర్వాత ఎన్నో నగరాల్లో అతని ప్రదర్శనలు రద్దయ్యాయి. హైదరాబాద్‌లో మాత్రం బెదిరింపుల మధ్య, భారీ పోలీసు బందోబస్తుతో కార్యక్రమం సజావుగా నడిచింది. మెచ్చుకోవలసిన పని. అయితే 2014లోనూ 2022లోనూ హైదరాబాద్‌లో ఉన్నది ఒకే పార్టీ ప్రభుత్వం. తేడా ఒక్కటే. 2022లో జోకు అవతలివాళ్ళ మీద.

ఒక్క పార్టీని ఎత్తిచూపడం నా ఉద్దేశం కాదు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం వ్యంగ్య చిత్రాలు పెట్టిన ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుణ్ణి అరెస్టు చేయించింది. 2020లో వై.ఎస్.ఆర్.సి.పి. ప్రభుత్వం, విశాఖ గ్యాస్ లీకు మీద పోస్టు పంచుకున్నందుకు అరవయ్యేళ్ళు దాటిన ఒక మహిళ మీద సి.ఐ.డి. కేసు పెట్టింది. 2024లో కూటమి ప్రభుత్వం వచ్చాక సోషల్ మీడియా అరెస్టుల వరస మళ్ళీ మొదలైంది. 2025 మార్చిలో తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం, ముఖ్యమంత్రిని ఒకాయన తిడుతున్న వీడియో వేసినందుకు ఇద్దరు మహిళా విలేకరుల్ని జైలుకి పంపింది. ప్రతిసారీ సగం మంది తెలుగు ప్రవాసులు ‘ప్రజాస్వామ్యం ఖూనీ’ అన్నారు, మిగతా సగం ‘బూతులు తిడితే ఊరుకుంటారా’ అన్నారు. ప్రభుత్వం మారగానే రెండు సగాలూ సీట్లు మార్చుకున్నాయి. డైలాగులు మాత్రం అవే.

ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. మాట వల్ల మనుషులు చస్తారు కదా అని. నిజమే. 2017లో బర్మాలో లక్షలాది రోహింగ్యాలు ఇళ్ళు వదిలి బంగ్లాదేశ్‌కి పారిపోయినప్పుడు, వాళ్ళ మీద విషం కక్కడానికి ఫేస్‌బుక్ వేదికైంది. దాన్ని అడ్డుకోవడానికి తాము చేయాల్సినంత చేయలేదని ఆ కంపెనీయే 2018లో ఒప్పుకుంది. అలాంటి కంపెనీల్లో పనిచేసేవాళ్ళు మన పాఠకుల్లోనే ఉన్నారు, ఇది వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కానీ గమనించండి. ఒక బలహీన సమూహాన్ని కొట్టండి, తరమండి అని పిలుపివ్వడం వేరు. బలవంతుడి నడకని అనుకరించడం వేరు. బర్మాలో జైళ్ళు నిండింది ఎక్కువగా రెండోవాళ్ళతోనే. చట్టం మాటలు ఎంత వదులుగా ఉంటే అది అంత తేలిగ్గా బలవంతుడికే అంగరక్షకుడవుతుంది. 2015 మార్చిలో మన సుప్రీంకోర్టు ఐ.టి. చట్టం 66ఏని కొట్టేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. ఏది నేరమో తెలియనంత వదులుగా ఉంది ఆ సెక్షన్.

పాలకుడు నవ్వుని ఎలా వినాలో మన దగ్గరే ఒక పాత కథ ఉంది. మాచుపల్లి కైఫీయతు ప్రకారం కూచిపూడి భాగవతులు విజయనగరం వెళ్ళి, సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్ళని పెట్టే హింసని వేషం కట్టి రాయల ముందు ప్రదర్శించారు. రాజు భాగవతుల్ని పట్టుకోలేదు. విచారించి గురవరాజుని పట్టుకున్నాడు. ఆ రాజుకి ఎన్నికలు లేవు, రాజ్యాంగం లేదు, ప్రాథమిక హక్కులు లేవు. వేషం వెనక ఉన్న సంగతి వినే చెవి ఉంది.

మనం చేయగలిగింది ఏమిటి? ప్రవాసంలో ఉన్న మనకి ఓటు దూరం గానీ పలుకుబడి దూరం కాదు. పార్టీల ప్రవాస విభాగాలకి చందాలు ఇచ్చేది మనం. నాయకులు ఇక్కడికి వస్తే విమానాశ్రయంలో పూలదండలతో నిలబడేది, హాలు బుక్ చేసేది, వాళ్ళ పక్కన ఫోటో దిగేది మనం. ఆ ఫోటోకి ముందు ఒక ప్రశ్న అడగవచ్చు: మీరు అధికారంలోకి వస్తే 353 లాంటి సెక్షన్లని వ్యంగ్యం మీద వాడనని మాటిస్తారా? ప్రతిపక్షంలో ఉన్నప్పుడే అడగాలి. గెలిచాక ఆ చెవి వినపడదు. అలాగే, మన పార్టీ మీద జోకు వేసినవాడి మీద కేసు పడిన రోజున, మన పేర్లతో ఒక ఖండన రాయాలి. అవతలి పార్టీ మీద జోకు వేసినవాడి కోసం రాయడం సులువు, దానికి ఫోరం అక్కర్లేదు.

యాంగోన్‌లో తింగ్యాన్ ప్రతి ఏప్రిల్‌లో వస్తూనే ఉంటుంది. సైన్యం ఎన్ని జాబితాలు వేసినా, కుట్ర తర్వాత కూడా అజ్ఞాతంలో, ప్రవాసంలో తంగ్యాట్ పాడుతూనే ఉన్నారు. వాళ్ళకి మన సానుభూతి చాలినంత ఉంది. మనకే ఇంకొకటి కావాలి. మన నాయకుడి నడకని ఎవరైనా అనుకరించినప్పుడు, ముందు నవ్వి, తర్వాత కోపం తెచ్చుకునే అలవాటు.